మన బోరు నీళ్ల సీసాతో ఎగ్జిబిషన్‌కు

హైదరాబాదు హైటెక్స్‌లోనో, బెంగళూరు తుమకూరు రోడ్డు మీదున్న బీఐఈసీలోనో ఇంటి సామాన్ల ఎగ్జిబిషన్ పెట్టారంటే కర్నూలు, కడపల నుంచి బిల్డర్లు పోతారు, ఆర్కిటెక్టులు పోతారు, టైల్సు, శానిటరీ షాపుల యజమానులు పోతారు. కొళాయి బిగించే ప్లంబరు, బండలు పరిచే మేస్త్రీ, వంటింటి అరలు చేసే కార్పెంటరు మాత్రం పోరు. అది మనకు కాదులే అనుకుంటారు. అక్కడ చూసిన వస్తువు ఆర్నెల్లకో ఏడాదికో డబ్బాలో వచ్చి వాళ్ల చేతిలోనే పడుతుంది. బిగించాల్సింది వాళ్లే. కారితే, బిగుసుకుపోతే ఇంటామె ఫోన్ చేసేదీ వాళ్లకే. కాబట్టి ముందు పోవాల్సినవాళ్లు వాళ్లు. ఈ మాటలు వాళ్ల కోసమే.

దూరం పెద్ద అడ్డంకి కాదు. కర్నూలు నుంచి హైదరాబాదుకు 44వ నంబరు జాతీయ రహదారి మీద 210 కిలోమీటర్ల చిల్లర. కడప నుంచి బెంగళూరైనా, చెన్నై అయినా అటూ ఇటూగా 260. పొద్దున పోయి రాత్రికి తిరిగి రావచ్చు. ఏస్‌టెక్ లాంటి పెద్ద ప్రదర్శనలు ముంబయి, దిల్లీ, బెంగళూరు, హైదరాబాదు నగరాల్లో జరుగుతాయి. రాతి పనివాళ్లకు బెంగళూరులో రెండేళ్లకోసారి ‘స్టోనా’ ఉంది. వంటింటి చెక్కపని, కీళ్లు, సొరుగుల ఛానెళ్లు చూడాలంటే ‘ఇండియావుడ్’ ఉంది. చాలా వాటికి ముందుగా ఫోన్లో పేరు నమోదు చేసుకుంటే పాసు వస్తుంది, గేటు దగ్గర విజిటింగ్ కార్డు అడుగుతారు. కార్డు లేకపోతే వంద కార్డులు అచ్చు వేయించుకోండి. పేరు కింద ‘ప్లంబింగ్ పనులు, కర్నూలు’ అని ఉంటే చాలు. పనిదినాల్లో, మొదటి రోజు హడావుడి అయ్యాక రెండో రోజు పొద్దున్నే పోండి. అప్పుడు స్టాల్‌లో ఇంజినీరు దొరుకుతాడు, మాట్లాడే ఓపికా ఉంటుంది. ఆదివారం పోతే సెల్ఫీలు తీసుకునేవాళ్ల మధ్య నలగడమే.

ప్లంబర్లు వెంట ఒక లీటరు సీసా నిండా తమ ఊరి బోరు నీళ్లు తీసుకుపోవాలి. మాట విచిత్రంగా ఉన్నా, నా సలహా మొత్తానికి మూలం ఇదే.

హాల్లో కురుస్తున్న రెయిన్ షవర్ కింద ఒక పంపు ఉంటుంది. ఒకే తొట్టెలోని శుభ్రమైన నీళ్లు తిరిగి తిరిగి వస్తుంటాయి. పైన ఏసీ. నాలుగు రోజుల్లో ఏ కొళాయికీ ఏమీ కాదు. మన దగ్గర అలా కుదరదు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, బేతంచెర్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు ఎందుకు వెలిశాయో, బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి పొర ఎందుకు పడుతుందో, రెండింటికీ కారణం ఒకటే. కింద ఉన్నది సున్నపురాయి. నీళ్లు ఆ రాతిని కరిగించుకుని పైకొస్తాయి. తాగునీటికి ఐఎస్ 10500 చెప్పే ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకుంటే 600 వరకు సర్దుకోవచ్చు. మన బోర్లలో ఆ రెండో గీత దగ్గర తచ్చాడేవీ, దాటేవీ ఉన్నాయి. మీ ఊరి సంగతి ఊహించుకోవద్దు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో కొద్దిపాటి రుసుముకు పరీక్ష చేసి కాగితం ఇస్తారు. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు ఉపయోగమే గానీ, అది మొత్తం లవణాలను చెబుతుంది, సున్నం ఎంతో విడిగా చెప్పదు. ఆ తేడా తెలిసిన ప్లంబరు మాటకు స్టాల్‌లో వెంటనే విలువ వస్తుంది.

ఆ సీసా, ఆ కాగితం బల్ల మీద పెట్టి అడగండి: “సార్, మా ఊరి నీళ్లివి, కాఠిన్యం ఇంత. ఈ సింగిల్ లీవర్ మిక్సరు లోపలి కార్ట్రిడ్జ్ ఈ నీళ్లకు ఎన్నేళ్లు వస్తుంది? వారంటీ కాగితంలో గట్టి నీళ్లకు మినహాయింపు రాశారా?” చాలా కంపెనీల వారంటీలో నీటి వల్ల పట్టిన సున్నానికి బాధ్యత లేదని ఒక వాక్యం ఉంటుంది. దాన్ని వాళ్ల చేతే చదివించండి. తర్వాత కొళాయిని విప్పి చూపించమనండి. విప్పడానికి వెనకాడితే ఆ స్టాల్ దగ్గర ఎక్కువసేపు నిలబడాల్సిన పనిలేదు. ముక్కు చివర నీటిని చీల్చే జల్లెడ (ఏరేటర్) చేత్తో విప్పుకునేలా ఉందా, ప్రత్యేక తాళం కావాలా? షవర్ రంధ్రాలకు రబ్బరు మొనలు ఉన్నాయా? ఉంటే వేలితో రుద్దితే సున్నం రాలిపోతుంది. స్టీలు రేకుకు పొడిచిన సన్నటి రంధ్రాలైతే రెండు వేసవుల్లో సగం మూసుకుపోతాయి. దాచిన డైవర్టరు పాడైతే టైల్ పగలగొట్టకుండా ముందు నుంచి లాగి మార్చగలమా? గోడకు వేలాడే కమోడ్‌లో దాచిన సిస్టర్న్ వాల్వు, ఫ్లష్ ప్లేటు తీసిన కంతలోంచి చెయ్యి పెట్టి బయటికి తీయగలమా? స్టాల్‌లోనే తీసి చూడండి, చెయ్యి పట్టాలి.

గీజర్ల దగ్గర మరికాస్త ఆగండి. సున్నం వేడి తగిలిన చోటే ఎక్కువ గడ్డ కడుతుంది. నీళ్లలో కరిగున్న బైకార్బొనేటు వేడెక్కితే విడిపోయి రాయిలా కాయిల్‌కు అంటుకుంటుంది. అందుకే గీజరు వేడిని 50 డిగ్రీల దగ్గర పెట్టి వాడించండి, 70 మీద పెట్టొద్దు. లోపల గ్లాస్ పూత ఉందా, మెగ్నీషియం యానోడ్ కడ్డీ మార్చడానికి వీలుందా, ఆ కడ్డీ కర్నూల్లో దొరుకుతుందా అని అడగండి. కడ్డీ సంగతి అడిగే ప్లంబర్లు తక్కువ. ఏడాదికోసారి కడ్డీ చూసి కాయిల్ శుభ్రం చేసే పనిని నిర్వహణ ఒప్పందంగా రాసుకుంటే, ఒక వీధిలో ఇరవై ఇళ్లు పట్టుకున్నా ఏడాది పొడుగునా చిన్న రాబడి ఉంటుంది. ఎండలకు మనకు లోటు లేదు, ఓర్వకల్లు దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కే ఉంది. ఇంటి మీద సోలార్ హీటరు పెట్టించేటప్పుడు మాత్రం గట్టి నీళ్లకు సన్నటి రాగి గొట్టాల ఫ్లాట్ ప్లేటు రకం నేరుగా పెట్టొద్దు. హీట్ ఎక్స్చేంజరు ఉన్నదో, గాజు గొట్టాల రకమో అడగండి. సాఫ్ట్‌నర్ అమ్మేవాళ్లు మంచిదే చెబుతారు గానీ, దాన్ని ఉప్పుతో కడిగేటప్పుడు ఎన్ని లీటర్లు పారబోయాలో కూడా చెప్పించండి. ట్యాంకరు కొనుక్కునే వీధిలో ఆ లెక్క ఇంటాయనకు ముందే తెలియాలి.

ఇక ప్రెషర్. పది మీటర్ల ఎత్తు నీళ్లకు ఒక బార్ ప్రెషర్. మన మిద్దె మీద సింటెక్స్ ట్యాంకు నుంచి కింద బాత్‌రూము షవర్ దాకా పది అడుగులే ఉంటే, వచ్చేది 0.3 బార్. ఎగ్జిబిషన్‌లో ధారగా కురిసే ఆ పెద్ద షవర్, చాలా థర్మోస్టాటిక్ మిక్సర్లు అంతకంటే ఎక్కువ అడుగుతాయి. ‘కనీసం ఎంత ప్రెషర్ కావాలి’ అన్నది కేటలాగు వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ అంకె చూడకుండా బిగిస్తే సన్నగా కారే షవర్ కింద నిలబడి ఇంటాయన మీ పనితనాన్నే అనుమానిస్తాడు. ఆ అంకె చూపించి “అన్నా, దీనికి ప్రెషర్ పంపు కావాలి, దాని ఖర్చు ఇంత, వద్దనుకుంటే ఈ మామూలు షవర్ బాగుంటుంది” అని ముందే చెబితే పంపు పనీ మీకే వస్తుంది, మాటా మిగులుతుంది.

వంటిల్లు వేరే సంగతి. అక్కడ పెట్టిన నమూనా వంటిళ్లను మన వంటతో పోల్చి చూసే బాధ్యత కార్పెంటరుది. సంగటి కెలకడాన్ని ఆ డిజైనర్లు చూసి ఉండరు. పెద్ద గిన్నెను రెండు కాళ్ల మధ్యనో, పట్టకారతోనో బిగించి, కట్టెతో బలంగా తిప్పుతారు. 34 అంగుళాల ఎత్తు గట్టు మీద గాజు పలక హాబ్ పెట్టి ఆ పని చేయమంటే భుజం పోతుంది, గాజుకూ భయమే. కాబట్టి హాబ్ చూసేటప్పుడు గిన్నె నిలబడే ఇనప కమ్మీల బలం, గిన్నె జారకుండా పట్టే తీరు చూడండి. ఇంటికొచ్చాక వంట చేసే ఆమెనే నిలబెట్టి మోచేయి ఎత్తు కొలవండి. సంగటి కోసం ఒక మూల గట్టును నాలుగు అంగుళాలు తగ్గించి వేరే స్టవ్ పెడితే ఆ ఇంట్లో మీ పేరు ఏళ్ల తరబడి నిలుస్తుంది. సొరుగుల ఛానెలు ఎన్ని కిలోలు మోస్తుందో అడగండి. బియ్యం, జొన్నలు, కొర్రలు, వేరుశనగలు మూటలుగా తెచ్చి పెట్టుకునే ఇళ్లు మనవి. స్టాల్‌లో రెండు కప్పులు పెట్టి మెత్తగా మూసుకునే సొరుగు చూపిస్తారు. మీరు చేత్తో నొక్కి, సొరుగు పూర్తిగా లాగి, చివర బరువు వేసి చూడండి.

చెక్క గురించి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. మన వంటింటి కింది అరలకు పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ వద్దు. మనది ఎండ సీమ, తేమ ఎక్కడిది అంటారు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట దగ్గరి ఊళ్లు మునిగాయి. వరద మాట అటుంచినా సింకు కింద గొట్టం కారితే చాలు, పొట్టు బోర్డు ఉబ్బుతుంది. పైగా చెదలు. చెక్కే కావాలంటే ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ అడగండి, దాని జిగురును 72 గంటలు మరిగే నీళ్లలో పెట్టి పరీక్షిస్తారు. చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే డబ్ల్యూపీసీ బోర్డుకు చెద పట్టదు గానీ స్క్రూ పట్టు, స్టవ్ పక్కన వేడికి నిలుపు చూసుకోవాలి.

ఇంతకన్నా మంచి దారి మన కాళ్ల కింద ఉంది. ముంబయి, పుణె వంటిళ్లలో గట్టు కింద అరలకు కడప బండే వాడతారు. అంతదూరం లారీల్లో పోయే బండ మనకు బేతంచెర్ల, ఎర్రగుంట్ల పాలిష్ ఫ్యాక్టరీల నుంచి నేరుగా దొరుకుతుంది. లోపల నిలువు పలకలు, అరలు కడప బండతో కట్టి, బయట అల్యూమినియం ఫ్రేములో మాడ్యులర్ తలుపులు, సొరుగులు పెట్టండి. చెద లేదు, ఉబ్బు లేదు, ఖర్చు తక్కువ, చూపుకు కొత్త వంటిల్లే. ఎగ్జిబిషన్‌లో హార్డ్‌వేర్ స్టాల్స్‌కు పోయి అడగాల్సిన ప్రశ్న ఇది: “రాతి పలకకు బిగించే ఫ్రేము, కీలు మీ దగ్గర ఏముంది?” బండ ముక్క ఒకటి సంచిలో పెట్టుకుపోయి చూపించండి. పైగట్టుకు మాత్రం కడప బండ వద్దనే చెప్పండి. అది సున్నపురాయి. నిమ్మకాయ, చింతపండు రసం పడితే నిగనిగ పోయి మచ్చ పడుతుంది, బాత్‌రూము యాసిడ్ పడితే ఇంకా చెడ్డ. పైన గ్రానైటు, కింద కడప బండ. అది కుదిరిన జత.

క్వార్ట్జ్ పలకలు, కృత్రిమ రాతి గట్లు ఇప్పుడు ప్రతి స్టాల్‌లో మెరుస్తుంటాయి. కోసేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇలాంటి పలకల్లో సిలికా చాలా ఎక్కువ, కొన్నింట్లో తొంభై శాతం పైన. పొడిగా కోస్తే లేచే సన్నటి ధూళి ఊపిరితిత్తుల్లో దిగి సిలికోసిస్ తెస్తుంది, దానికి మందు లేదు. కోసే కుర్రవాళ్లు వరసగా జబ్బు పడటం చూసి ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఈ కృత్రిమ రాతిని పూర్తిగా నిషేధించింది. ఇక్కడ నిషేధం లేదు కాబట్టి కాపాడుకోవడం మన చేతుల్లో ఉంది. నీళ్లు పోస్తూనే కోయండి, మూతికి తువ్వాలు కాదు, ఎన్95 మాస్కు కట్టండి, హెల్పరు కుర్రాడికీ ఇవ్వండి. స్టాల్‌లో సిలికా శాతం ఎంతని అడగండి, తక్కువ ఉన్నది కొనిపించండి. తడిగా కోసే మిషనుకు ఎంత అద్దె, దుమ్ము పీల్చే మిషను ఎంత అన్నదీ అక్కడే కనుక్కోండి, పనిముట్ల కంపెనీలూ వస్తాయి.

టైల్స్ మేస్త్రీలకు ఎండే పెద్ద పరీక్ష. ఇప్పుడొస్తున్న నాలుగడుగుల, ఎనిమిదడుగుల పలకలు నీళ్లు పీల్చవు. పాత పద్ధతిలో సిమెంటు పాలు పోసి మధ్యలో ఒకటి, మూలల్లో నాలుగు ముద్దలు పెడితే కింద డొల్ల మిగులుతుంది. ఐఎస్ 15477 ప్రకారం తయారైన జిగురు, పళ్ల కరిణె కావాలి. కంపెనీ చూపించే ‘ఓపెన్ టైమ్’ (జిగురు పరిచాక పలక అంటించడానికి ఉండే గడువు) ఏసీ గదిలోది. మే నెలలో కడపలో 43 డిగ్రీల ఎండకు, వడగాలికి ఆ జిగురు పైన పొర కట్టేస్తుంది. “43 డిగ్రీలకు ఎన్ని నిమిషాలు?” అని అడగండి. జవాబు తెలియకపోతే ఒక బస్తా శాంపిల్ ఇవ్వమని చెప్పి, మీ ఇంటి మిద్దె మీద మధ్యాహ్నం పూట మీరే పరీక్షించండి. బాత్‌రూము నేలకు జారని టైల్ కావాలంటే ‘ఆర్’ అంకె చూడండి. ముసలివాళ్లున్న ఇంట్లో ఆర్10, తడి ఎక్కువైతే ఆర్11. నునుపుగా మెరిసేది గోడకు బాగుంటుంది, నేలకు కాదు.

గోడలు కట్టే మేస్త్రీలకు ఒకటే మాట: నీళ్లు తక్కువ తాగే సామాన్లు చూసుకోండి. ఏఏసీ ఇటుకలకు వాడే సన్నటి జిగురుకు, జిప్సం ప్లాస్టరుకు రోజుల తరబడి తడపాల్సిన పని లేదు. తడపడానికి ట్యాంకరు తెప్పించే వేసవిలో అది నేరుగా డబ్బు. జిప్సం మాత్రం బాత్‌రూము గోడకు, బయటి గోడకు పనికిరాదు.

వస్తువు చూడటం సగం పని. మిగతా సగం మనిషిని పట్టుకోవడం. ప్రతి మంచి స్టాల్‌లో ఒక ప్రశ్న తప్పకుండా వేయండి: “కర్నూలులో, కడపలో మీ సర్వీసు ఎవరు చూస్తారు?” చాలాసార్లు హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో మనిషి వస్తాడంటారు. వెంటనే “నేను అక్కడే ఉన్నాను, నేర్పించండి, నేను చూస్తాను” అనండి. కంపెనీలకు కావలసింది అదే. శిక్షణ ఇచ్చి, గుర్తింపు కార్డిచ్చి, ఫోన్లో వచ్చిన ఫిర్యాదులు మీకు పంపే పద్ధతి చాలా కంపెనీల్లో ఉంది. మీ ఊళ్లో విడిభాగాలు కాసిని ఉంచుకుంటే పోటీ దాదాపు ఉండదు. ఒక కూలి దినం పోగొట్టుకుని ఎగ్జిబిషన్‌కు పోవడంలో అన్నిటికన్నా పెద్ద లాభం ఇక్కడుంది.

డీలర్‌షిప్ ఇస్తామని అక్కడికక్కడే అడ్వాన్సు అడిగితే ఇవ్వకండి. జీఎస్టీ నంబరు రాసుకుని వచ్చి ప్రభుత్వ వెబ్‌సైటులో చూడండి. ఐఎస్ఐ ముద్ర ఉందంటే ముద్ర కింద సీఎం/ఎల్ నంబరు ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరి లైసెన్సో, ఇంకా నడుస్తోందో లేదో తెలుస్తుంది. ఇది స్టాల్ ముందే నిమిషంలో చేయవచ్చు. ఫోటో తీసేటప్పుడు ముందు స్టాల్ బోర్డు, తర్వాత వస్తువు, తర్వాత దాని నంబరు, ఈ వరసలో తీయండి, లేకపోతే ఇంటికొచ్చాక ఏది ఎవరిదో కలిసిపోతుంది.

కమిషన్ సంగతి కూడా నిక్కచ్చిగా మాట్లాడుకోవాలి. జిగురు బస్తాలో, పెయింట్ డబ్బాలో టోకెన్లు వస్తాయి, షాపువాళ్లు శాతం ఇస్తారు. అందరూ తీసుకుంటున్నారని అందరికీ తెలుసు. నా మాట ఒకటే: టోకెను కోసం తక్కువ రకం కొళాయి కొనిపించవద్దు. ఎంపిక చేసిపెట్టినందుకు, ఎగ్జిబిషన్‌కు పోయి పోల్చి చూసినందుకు ఇంటాయన దగ్గరే ఒక మొత్తం అడగండి. “రెడ్డీ, సామాన్లు నేను చూసి పెడతాను, దానికి ఇంత” అని బిల్లులో రాస్తే ఎవరూ తప్పుపట్టరు. ఇంజినీరు డిజైన్ ఫీజు తీసుకుంటాడు, మేస్త్రీ చూపుకూ విలువ కట్టాలి.

చేతిలో కాగితం లేకపోవడం వల్ల వెనకబడుతున్నవాళ్లు చాలామంది. పాతికేళ్ల అనుభవం ఉన్నా సర్టిఫికెట్ లేకపోతే పెద్ద కంపెనీ పని ఇవ్వదు. పాత అనుభవాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి కేంద్ర నైపుణ్య పథకంలో ఉంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మలో తాపీ మేస్త్రీలు, వడ్రంగులు, రాయి కొట్టేవాళ్లు ఉన్నారు. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000, తర్వాత 5 శాతం వడ్డీకి రెండు విడతల్లో 3 లక్షల వరకు అప్పు. ప్లంబర్లు ఆ జాబితాలో లేరు, వాళ్లు ఆర్‌పీఎల్ దారి పట్టాలి. ఎవరైనా సరే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోండి. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు పని చేసి ఉంటే అర్హులే.

తిరిగొచ్చాక నచ్చిన పది వస్తువులూ ఒకేసారి అమ్మబోకండి. ఒక్క కొళాయి, ఒక్క షవర్, ఒక్క జిగురు బస్తా తెప్పించి సొంత ఇంట్లోనో, మాట వినే బంధువుల ఇంట్లోనో బోరు లైనుకే బిగించండి, మున్సిపాలిటీ లైనుకు కాదు. ఉగాదికి బిగిస్తే వానాకాలం మొదలయ్యేలోపు ఎండాకాలం మొత్తం చూసినట్టవుతుంది. నెలకోసారి విప్పి ఫోటో తీసి, తేదీతో నోటుబుక్కులో రాసుకోండి: జల్లెడలో ఎంత సున్నం, పిడి ఎంత బిగుసుకుంది, పూత ఎక్కడ పోయింది. తర్వాత కొత్త ఇల్లు కడుతున్నాయన అడిగినప్పుడు కేటలాగు తెరవకుండా ఆ నోటుబుక్కు తెరిచి చూపించండి, రేటు దాని కిందే రాయండి.